అజైబాలో వంతు సంఘం

ఒక సంఘం ఎప్పుడు పుట్టినట్టు? దానికి పేరు పెట్టిన రోజునా, పేరూ ఊరూ లేకుండానే ఒకరి పనిని ఇంకొకరు మొదటిసారి అందుకున్న రోజునా? ఇన్నేళ్లుగా ఏవేవో చదువుతూనే ఉన్నాను గాని, దీనికి జవాబు మాత్రం నాకు దొరకలేదు. మస్కట్‌లో మేముండే అజైబాలో ఆడపిల్లలు నడుపుకునే వంతు సంఘం వయసెంత అంటే, మా మనవరాలు మనోజ్ఞ ఐదేళ్లు అంటుంది. రజితను అడిగితే ముప్ఫై దాటిందనేది.

రజిత మా బిల్డింగు కిందున్న లేడీస్ టైలర్ షాపులో కుట్టేది. మెట్‌పల్లి దగ్గరి పల్లె ఆమెది. భర్త గంగాప్రసాద్‌కి ఎక్కడో దూరాన దుక్మ్‌లో, రిఫైనరీ సైట్‌లో డ్యూటీ. రెండు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. పిల్లలు లేరు. స్కూలు యూనిఫారాలు సరిచేయించుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఆమె ఊరికే కూర్చోనిచ్చేది కాదు. "గోడలు జూసుకుంట ఏం జేస్తరు? ఇగో, గుండీలు కుట్టుండ్రి" అని సూదీ దారం చేతికిచ్చేది. వాళ్లు కుడుతుంటే తన చిన్నతనం చెప్పేది.

పదేళ్లకే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసింది రజిత. ఎనిమిది మంది పిల్లలు ఒకే ఇంట్లో గుండ్రంగా కూర్చునేవాళ్లట. సాయంత్రానికి ఎవరి బీడీలు వాళ్లు కార్ఖానాలో అప్పజెప్పాలి. ఒకతె జ్వరంతో పడుకుంటే ఆమె చాట తెచ్చి మధ్యలో పెట్టేవాళ్లు. తలా ఇన్ని బీడీలు చేసి అందులో వేసేవాళ్లు. పొద్దు గూకేసరికి ఆమె వంతు నిండేది. ఇలా చెయ్యండని పెద్దవాళ్లెవరూ చెప్పలేదు.

"అమ్మలకు తెల్వనియ్యకపోతుంటిమి పెద్దమ్మా" అనేది నాతో. "తెలిస్తే, మన పనే అయితలేదు, ఊరోళ్లది ఎందుకే అని తిడుదురు."

షాపులో నలుగురు పట్టరు. పిల్లలు మెట్ల మీద కూర్చోవడం చూసి, శుక్రవారం సాయంత్రాలు మా హాలు వాడుకోమన్నాను. నేను చేసింది అంతే. ముగ్గురితో మొదలై పధ్నాలుగు మంది అయ్యారు. కాకినాడ వాళ్లు, హైదరాబాదు వాళ్లు, పక్క ఫ్లాట్ హసీనా కూతురు జువేరియా. స్టార్ సిస్టర్స్ అని పేరు పెడదామన్నారు కొందరు. "స్టార్లు మీదుంటయి, మనం కిందనే కూసుందాం" అంది రజిత. అలా వంతు సంఘం అయింది. బోర్డు లేదు, ఫీజు లేదు. మూడు నెలలకో లీడరు మారుతుంది. కొత్తగా చేరే పిల్లను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: మాలో ఎవరి పనైనా ఆగిపోతే నువ్వేం చెయ్యగలవు? ఒకతె లెక్కలు చెప్తానంది. ఒకతె చపాతీలు ఒత్తుతానంది. మూడో క్లాసు పిల్ల చాలాసేపు ఆలోచించి, "ఏడుస్తుంటే పక్కన కూర్చుంటా" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. "నవ్వకుండ్రి, గదే అన్నిట్ల కష్టం" అని గుమ్మం బయటినుంచి కేకేసింది రజిత.

అవును, ఆమె బయటే కూర్చునేది. వరండాలో కుర్చీ వేసుకుని చీరలకు ఫాల్ కుట్టుకునేది. హాల్లోకి పెద్దవాళ్లెవరికీ ప్రవేశం లేదు, ఆమెతో సహా.

మనోజ్ఞ ఏడో క్లాసులో ఉండగా టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచాన పడింది. లేచి చూసుకునేసరికి నోట్సులన్నీ నిండి ఉన్నాయి. సైన్సు జువేరియా రాసింది. హిందీ ఇంకెవరో వంకర అక్షరాలతో రాశారు. సోషల్ ఇద్దరు పంచుకున్నారు. మ్యాపుల్లో రంగులు ఆ మూడో క్లాసు పిల్లవి, సముద్రం గులాబీ రంగులో ఉంది. "ఇంతకీ ఈ పుస్తకం ఎవరిది?" అని టీచరు అడిగితే, "మాది మేడమ్" అని నలుగురు లేచి నిలబడ్డారట. ఆ పుస్తకాన్ని నా బీరువాలో దాచుకున్నాను. కొత్త ఊళ్లో బెదిరిపోయి నోరు విప్పని మనోజ్ఞ ఆ తర్వాత ఇల్లు దద్దరిల్లేలా మాట్లాడటం మొదలుపెట్టింది. రజితకు నేనేమిచ్చుకోగలను? ఒకసారి ఆ మాటే అంటే, "చాయ్ ఇయ్యి పెద్దమ్మా, చక్కెర తక్కువెయ్యి" అంది.

పోయిన ఏడాది చివర దుక్మ్‌లో గంగాప్రసాద్ కంపెనీ పని అయిపోయింది. అతని నడుం అంతకుముందే దెబ్బతింది. ఇద్దరూ తిరిగి వెళ్లిపోవడానికి టికెట్లు తీసుకున్నారు. అప్పుడొచ్చింది జయలక్ష్మి. ఆమె పెద్దమ్మాయి మా హాల్లోనే కూర్చుంటుంది. మంచి మనిషి, చేతిలో పనుంటే నిద్రపోదు.

"రజిత వెళ్లిపోతే పిల్లల్ని గాలికొదిలేస్తామా అండీ? నేను తీసుకుంటాను. సిలబస్ కూడా రాశాను. పబ్లిక్ స్పీకింగు, లీడర్‌షిప్పు, చివర్లో సర్టిఫికెట్. శుక్రవారం ఎలాగూ వస్తారు కదా!"

రజిత ఫైలంతా తిరగేసింది. "మంచిగున్నదమ్మా. వాళ్లనే అడుగుండ్రి."

రజిత ప్రయాణం రోజే శుక్రవారం వచ్చింది. విమానం రాత్రికి. హాల్లో పిల్లలు, బయట మేం ముగ్గురం. సంఘం వాళ్ల చేతుల్లో ఉంటుందా, క్లాసైపోతుందా అన్నది లోపల తేలాలి. తేలాక రజితతో కేకు కోయించాలని పిల్లల ఏర్పాటు. అరగంటైనా తేలలేదు. ఆ మూడు నెలలకు లీడరైన జువేరియా తలుపు తీసుకుని వచ్చింది.

"అక్కా, సగం మంది క్లాసే బెటర్ అంటున్నారు. మీరేదంటే అదే, కసమ్ సే."

"రేపు నేను మెట్‌పల్లిల ఉంట. రేపు గూడ నన్నే అడుగుతవా?"

"ఫోన్ చేస్తాం."

"నేను ఎత్త. నువ్వు లీడరువా, పోస్ట్‌మన్‌వా? పో లోపటికి!"

జువేరియా మూతి ముడుచుకుని వెళ్లింది. తలుపు పూర్తిగా వేయలేదు. సందులోంచి ఒక్కొక్కతే రజిత మొహం కేసి చూస్తోంది.

"చూశారా, వాళ్లకి తేల్చుకోవడం రాదు" అంది జయలక్ష్మి.

"వస్తదమ్మా. నేనీడ ఉంటే రాదు."

దారం కొరికి, కుట్టిన చీర మడతపెట్టి నా చేతికిచ్చి లేచింది. నేను గొంతు తగ్గించి, "పది నిమిషాలు ఆగవే, కేకు తెచ్చుకున్నారు" అన్నాను.

"ఆగితే నా మొహం జూసి చేతులెత్తుతరు పెద్దమ్మా. అట్ల గెలిస్తే అది వాళ్లది గాదు." తలుపు వైపు ఒక్కసారి చూసింది. కళ్లు కొంగుతో ఒత్తుకుంది. చెప్పులు వేసుకుని, లిఫ్ట్ కోసం కూడా చూడకుండా మెట్లు దిగింది. కింద గంగాప్రసాద్ పెట్టెలతో సహా టాక్సీలో కూర్చుని ఉన్నాడు.

లోపల గొంతులు పెరిగాయి. ఎవరో బల్ల చరిచారు. ఒకటీ రెండూ అని ఎత్తిన చేతులు లెక్కపెట్టడం వినిపించింది. తర్వాత తలుపు బార్లా తెరుచుకుంది.

"ఆంటీ" అంది మనోజ్ఞ జయలక్ష్మితో, "మీ క్లాసు శనివారం పెట్టండి, అందరం వస్తాం. శుక్రవారం మాత్రం మాదే. మీకు ఇష్టమైతే బయట కుర్చీ వేస్తాం."

జయలక్ష్మి ఫైలు వైపు చూసుకుంది, నావైపు చూసింది, చివరికి నవ్వేసింది. "సరేలెండి తల్లీ, శనివారమే."

అప్పటికే కేకు పట్టుకుని ముందుకొచ్చిన జువేరియా ఆగిపోయింది.

"రజితక్కేది?"

మాకు ఎయిర్‌పోర్టు పది నిమిషాల దారి. టాక్సీ ఎప్పుడో పెద్ద రోడ్డెక్కేసి ఉంటుంది.

"చెప్పకుండానే వెళ్లిపోయిందా!"

"చెప్పకుండానే వెళ్లిందమ్మా" అన్నాను.