ఆషాఢంలో చుట్టమై దిగిన చెల్లెలు

డెబ్బైల చివర్లో మా చెల్లెలికి బ్యాంకులో ఉద్యోగం వచ్చి, రాజోలులో వేశారు. మాది కొత్తపేట. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. అమలాపురంలో దిగి మళ్ళీ బస్సెక్కాలి, వానాకాలం ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

“సోమవారంలోగా మర్యాదస్తుల ఇంట్లో వాటా దొరికిందా, ఉద్యోగం. లేదా, ఆ కాగితం తిరిగి పంపించేద్దాం” అన్నారు నాన్నగారు. చెల్లెలు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. అది ఆ పరీక్షకి ఎలా చదివిందో పక్కనుండి చూశాను. పెళ్ళైనా కొత్తపేటలోనే ఉన్నాను కనక, గొడుగు తీసుకుని తోడు బయల్దేరాను.

రాజోలులో ఖాళీ వాటాలు లేక కాదు. మొదటింటావిడ తాళంచెవి చూపించి మరీ చెప్పింది.

“ఆయ్, ఖాళీయేనండి. శ్రావణంలో దిగండి. ఆషాఢంలో ఇల్లు మారతారేటండీ ఎవరైనా?”

రెండో ఇంట్లో పెద్దాయన, “ఒంటరి ఆడపిల్లని నేనేం అనుకోనమ్మా. నెలే బాగోలేదు” అన్నారు. మా ఇంట్లోనూ ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు.

“బ్యాంకు వాళ్ళకి పంచాంగం ఉండదేంటే అక్కా?” అంది చెల్లెలు, బురదలో ఇరుక్కున్న చెప్పు లాక్కుంటూ.

మూడోది బజారు వెనక సందులో ఒక మాస్టారిది. ఆయన భార్య మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మా ఊరు పేరు చెప్పగానే లేచి నిలబడింది.

“కొత్తపేటా! మా పెద్దమ్మని ఇచ్చింది అక్కడేనండి!”

ఏ వీధి, ఎవరిల్లు అని ఆరా తీస్తే, ఆ పెద్దమ్మగారిది మా పుట్టింటి వెనకిల్లే. ఆవిడ మాగాయ పెడితే గోడమీంచి మాకు గిన్నెతో అందించేవారు.

“అయితే మీరు పరాయివాళ్ళేటండీ!” అందావిడ.

“పరాయివాళ్ళు కాకపోతే ఆషాఢం కాకుండా పోతుందేటే?” అన్నారు మాస్టారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

“అద్దెకి దిగకూడదండి. చుట్టాలు రాకూడదని ఎక్కడుంది? పిల్ల మనింటికి చుట్టంలా వస్తుంది. మనతోనే తింటుంది, నా గదిలోనే పడుకుంటుంది. శ్రావణం రాగానే వాటాలో పాలు పొంగిస్తుంది.”

“మరి ఈ నెల అద్దె?” అన్నారు మాస్టారు.

“బాగుందండీ! చుట్టాల్ని అద్దె అడుగుతారేటి?”

మాస్టారు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

ఈ సంగతి చెబితే నాన్నగారు పంచాంగం తిరగేశారు. “చుట్టపుచూపుకి దోషం లేదు” అని, ఆదివారం తనే ఓ అరటిగెల పట్టుకుని చెల్లెల్ని వాళ్ళింట్లో దింపి వచ్చారు. సోమవారం అది ఉద్యోగంలో చేరింది.

ఆ నెలంతా దానికి మంచం మీదకే కాఫీ. చీపురు పట్టుకోబోతే, “అమ్మడూ, చుట్టాలు ఊడుస్తారా?” అని ఆవిడ లాక్కునేదట.

శ్రావణంలో మంచిరోజు చూసి మేమందరం వెళ్ళాం. వాటాలో పాలు పొంగించి, అద్దె చేతిలో పెట్టాం. ఆ మర్నాటినుంచి అమ్మడు కాస్తా అమ్మాయిగారైపోయింది. “అమ్మాయిగారూ, బావి దగ్గర సబ్బునీళ్ళు పారబొయ్యకండి. అమ్మాయిగారూ, తొమ్మిదైతే లైటు తీసెయ్యాలండి.”

వారం తిరక్కుండా ఇంటికొచ్చి మొరపెట్టుకుంది చెల్లెలు. “ఆషాఢమే బాగుందే అక్కా! ఇప్పుడు నీళ్ళు కూడా నేనే తోడుకుంటున్నాను.”

“అద్దెకున్నదానివి, తోడుకోవా మరి?” అన్నారు నాన్నగారు.

ఉద్యోగం మానెయ్యమంటారేమోనని నేను లోపల భయపడుతూనే ఉన్నాను. సోమవారం ఇంకా తెల్లారకుండానే ఆయన మా అమ్మని లేపి, క్యారేజీలో పులిహోర సర్దించారు. తొలిబస్సు తప్పిపోతుందని చెల్లెల్ని తొందరపెట్టి, సంచీ తనే మోసుకుంటూ బస్టాండుకి నడిచారు.