అందరూ ఊఁ అనేదాకా

మా పెద్దమ్మ పోయింది. పొద్దున వాకిలి ఊడ్చి అరుగు మీద కూర్చున్నదట, మళ్లీ లేవలేదట. అన్న ఫోను చేసినప్పుడు నేను గడ్‌చాందూర్ బస్టాండు దగ్గర నా ఆన్‌లైన్ దుకాణంలో ఒక రైతుకు పంట బీమా ఫారం నింపుతున్నాను. "అమ్మ పోయింది, రా" అన్నాడు, అంతే. నేను ఆ ఫారం పూర్తిచేసి, కాగితం ఆయన చేతికిచ్చి, అప్పుడు షట్టరు దించాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. పని మధ్యలో వదిలేస్తే పెద్దమ్మ తిడుతుందని భయపడ్డానేమో.

మీలో ఎవరికీ ఆమె తెలిసుండదు. ఆమె ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. కోర్పనా వైపు మా ఊళ్లో పదకొండు ఇళ్ల ఆడవాళ్లు కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. దానికి ఆమె పెద్ద. రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు. ఊరి పక్కనే సున్నపురాయి ఖదాన్, అంటే గని, ఉంది. అక్కడ మందు పేల్చినప్పుడల్లా మా గోడలు బీటలిస్తాయి, బావిలో నీళ్లు ఇంకా కిందికి దిగుతాయి. ఆ గోడల గురించీ నీళ్ల గురించీ అర్జీలు పెట్టడమే సంఘం పని. అర్జీలు రాసేది నేను.

ఆమె నా దుకాణానికి వచ్చేటప్పుడు కొంగులో కందికాయలో రేగుపళ్లో తెచ్చి కీబోర్డు మీదే పోసేది. కుర్చీని కొంగుతో తుడిచి కూర్చునేది. మాది మరాఠీ రాష్ట్రం కాబట్టి ఆఫీసు కాగితాలన్నీ మరాఠీలోనే వస్తాయి. ఏ కాగితమైనా తెలుగులో చెప్పమని, చెప్పాక మళ్లీ మొదటినుంచి చెప్పమనేది. రెండోసారి ఒక్క ముక్క తేడాగా చెప్పానా, దొరికిపోయానన్నమాటే. నాకు ఒళ్లు మండేది. చదువుకున్నదాన్ని నేను, పరీక్ష పెట్టేది ఆమె.

ఆ అనుమానం ఊరికే రాలేదు. నేను పుట్టకముందు, రోడ్డు కోసమని చెప్పి ఎవరో ఊళ్లోకి మరాఠీ కాగితాలు తెచ్చారట. మగవాళ్లందరూ వరసగా వేలిముద్రలు వేశారు. ఇంట్లో లేనివాళ్ల పేర్ల ఎదురుగా కూడా ముద్రలు పడ్డాయి. పెద్దనాన్న ఆ రోజు రాజురా సంతలో ఉన్నాడు. తీరా అవి భూములు రాసిచ్చే కాగితాలు; ఆయన చేను కూడా ఖదాన్‌లోకి పోయింది. అప్పటినుంచి పెద్దమ్మ ఏ ముద్రనూ నమ్మలేదు. సంఘం పేరుతో కాగితం వెళ్లాలంటే పదకొండు మందీ దాన్ని చెవులారా వినాలి, ఒక్కొక్కరూ నోటితో ఊఁ అనాలి. సంతకం చాలదా అంటే, "ఏలిముద్దరకు చెవులుంటయా బిడ్డా?" అనేది.

ముంబయిలో ఒక నిధి ఉందని నాకు ఫోనులో తెలిసింది. మాలాంటి చిన్న సంఘాలకు హఠాత్తుగా ఆపద వస్తే వారంలోపే డబ్బు పంపుతారు, రిజిస్ట్రేషన్ కూడా అడగరు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఫారం తెరిచాను. ఆపద ఎప్పుడు మొదలైందని ఒక ప్రశ్న. "నేను కోడలుగ వచ్చిన ఏడే ఖదాన్ షురువైంది, గదే రాయి" అంది. అదే రాశాను. ఆపద గడిచిన మూడు నెలల్లో వచ్చినదై ఉండాలని మర్యాదగా జవాబొచ్చింది. చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. "మూడు నెలల కిందనే మొదలైతె మేమే ఆపుకుందుము గద" అంది.

తర్వాత నిజంగానే హఠాత్తుగా వచ్చిపడింది. ఊరి గైరాన్‌ను, అంటే పశువులు మేసే ఉమ్మడి బీడును, ఖదాన్‌కు ఇచ్చేస్తున్నామనీ అభ్యంతరాలుంటే తాలూకా ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చనీ పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. పది రోజులే గడువు. మాకు ఆ బీడు తప్ప వేరే మేత లేదు. వాగుకూ శ్మశానానికీ దారి దాని మీదనుంచే. ఒక వకీలు కావాలి, అందరూ వెళ్లడానికి రెండు జీపులు కావాలి. మళ్లీ ఆ నిధికే రాశాం. మూడో రోజే మమ్మల్ని ఎంపిక చేశామని జవాబు. సభ్యులందరూ ఒప్పుకున్నారని మర్నాటి రాత్రిలోగా ఖాయం చేయాలి, లేకపోతే సాయం వరసలో ఉన్న తర్వాతి సంఘానికి వెళ్తుంది.

ఆ సాయంత్రమే పెద్దమ్మ వాకిట్లో పది మంది ఊఁ అన్నారు. పదకొండో ఆమె, ఊరి చివరింటామె, కూతురి కాన్పుకని విరూర్ వెళ్లింది. ఫోను కలవలేదు. ఫోనులో ఫారం తెరిచి, అందరూ ఒప్పుకున్నారనే గడి దగ్గర వేలు పెట్టాను. నేను నొక్కేస్తాను పెద్దమ్మా, ఆమె ఎలాగూ వద్దనదు, ముంబయిలో ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"ఆమె లేకుంట ఆమె ఊఁ నువ్వెట్ల చెప్తవు?" అంది పెద్దమ్మ. "మీ పెదనాయిన ముద్దర గూడ గిట్లనే ఎవడో ఏసిండు."

తెల్లారి తనే బయల్దేరింది. రెండు బస్సులు మారి విరూర్ చేరితే, నొప్పులు ఎక్కువై కూతుర్ని రాజురా ఆస్పత్రికి తీసుకుపోయారని చెప్పారు. వెనక్కి రాజురా వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆ చివరింటామెకు మొత్తం కాగితం మొదటినుంచీ చెప్పింది, రెండుసార్లు. ఆమె ఊఁ అని ఏడ్చిందట, నా ఒక్కదాని మాట కోసం ఇంత దూరం వచ్చినవా అని. అప్పటికి ఆఖరి బస్సు పోయింది. పెద్దమ్మకు ఫోను లేదు, నా నంబరు నోటికి రాదు, చివరింటామె ఫోను విరూర్‌లోనే ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ నా దుకాణం మెట్లెక్కి, కుర్చీ కూడా తుడవకుండా కూర్చుని, "పదకొండు" అంది.

ఫారం తెరుచుకోలేదు. గడువు ముగిసింది అని ఒక్క వాక్యం. నేను ఉత్తరం మీద ఉత్తరం రాశాను. చాలా విచారిస్తున్నామని జవాబిచ్చారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. తొందర అంటే వాళ్లకు ఒక మీట నొక్కడం, మాకు రెండు బస్సులు మారడం. ఈ తేడా వాళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

తాలూకా ఆఫీసులో విచారణ రోజు ఆరుగురం మామూలు బస్సులో వెళ్లాం, వకీలు లేకుండానే. సాహెబు తల ఎత్తకుండా విని, అభ్యంతరాలు నమోదు చేసుకున్నాం అన్నాడు. వానలు తగ్గగానే గైరాన్ చుట్టూ ముళ్లకంచె పడింది.

కంచె పడిన వారానికి ఉండబట్టలేక అడిగేశాను. తప్పు చేశావా పెద్దమ్మా? నొక్కనిచ్చి ఉంటే వకీలైనా ఉండేవాడు కదా?

"చేసిన కావచ్చు," అంది. "గని మల్ల వచ్చినా గట్లనే చేస్త."

నాకు ఆమె మీద కోపం ఇంకా పోలేదు. చనిపోయిన మనిషి గురించి ఇలా రాయకూడదంటారు, కానీ అబద్ధం రాస్తే ఆమె రెండోసారి చదవమంటుంది. వకీలు వచ్చినా ఏమీ మారేది కాదని మా వాళ్లు అంటారు. నిజమే కావచ్చు. నా జన్మలో నా మాట కోసం రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు ఇంకెవరూ ఉండరని మాత్రం నాకు తెలుసు. సంఘం ఇప్పుడు కూర్చోవడం లేదు. ఆమె లేకుండా పిలిచేదెవరు, పిలిచి చెప్పడానికి మిగిలిందేముంది?

పెద్దమ్మ పోయిన రోజు సాయంత్రమే పాడె లేచింది. బీడు మీదుగా అయితే శ్మశానం పది నిమిషాలు. కంచె ఉంది కాబట్టి ఖదాన్ రోడ్డు మీదుగా తిరిగి వెళ్లాలి. మలుపు దగ్గర రాయి నింపుకున్న డంపర్లు వరసగా ఎదురొచ్చాయి. అన్న చెయ్యెత్తాడు. ఏదీ ఆగలేదు. మోసేవాళ్లు పాడెతో సహా పక్కనున్న గుంతలోకి దిగి, భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. ఒక్కో బండి పోయినప్పుడల్లా దుమ్ము లేచి పెద్దమ్మ ముఖం మీద, బంతిపూల మీద తెల్లగా పడుతోంది. నేను కొంగుతో తుడుస్తున్నాను, ఇంకో బండి వస్తోంది, మళ్లీ తుడుస్తున్నాను.