నిలబడే వంతు

రైలు బయల్దేరే మారికుప్పంలో ఎక్కేవాళ్లకు సీటు దొరుకుతుంది. అందుకే కుముద ఏళ్ల తరబడి కిటికీ పక్కనున్న ముగ్గురి సీటును చున్నీ పరిచి, టిఫిన్ సంచి పెట్టి మిగతావాళ్లకోసం పట్టి ఉంచేది. తర్వాతి స్టేషన్లయిన ఛాంపియన్‌లో ఆదిలక్ష్మమ్మ, ఊరిగాంలో సుప్రీత, కోరమాండల్‌లో అక్షత ఎక్కుతారు. అందరివీ బెంగళూరులో ఉద్యోగాలే. బంగారుపేట దాకా నలుగురూ సర్దుకుని కూర్చుంటారు. అక్కడ జనం ఎక్కగానే ఒకరు లేవాలి. ఆదిలక్ష్మమ్మకు మోకాళ్ల నొప్పులు కనుక ఆమెను లేపరు. మిగిలిన ముగ్గురూ వంతులేసుకుంటారు. మాలూరు దాకా ఒకరు, వైట్‌ఫీల్డ్ దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. నిలబడినవాళ్ల సంచి కూర్చున్నవాళ్ల ఒడిలో ఉంటుంది.

కుముద నాన్న బదరీనాథ్ కోలారు బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా. గనులు మూసేసిన మరుసటి ఏడు ఆయనకు క్షయ అని తేలింది. ఆస్పత్రి నుంచి ఆయన ఇల్లు చేరకముందే ఆ సంగతి వీధికి చేరింది. మర్నాడు కుముద బిందెతో వెళ్తే కొళాయి దగ్గరి ఆడవాళ్లు దూరంగా జరిగి చోటిచ్చారు. వంతు రాకుండానే నిండిన ఆ బిందెను తలవంచుకుని మోసుకొచ్చింది.

చదువయ్యాక బెంగళూరులో ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఒక కంపెనీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. అక్కడ రోగుల పేర్లు, జబ్బులు కంప్యూటర్లో మామూలు అక్షరాల్లో ఉండవు. ఎన్‌క్రిప్షన్ చేసి, ఎవరికీ అర్థంకాని గుర్తులుగా మార్చి దాస్తారు. వాటిని తిరిగి అక్షరాలుగా మార్చే తాళంచెవి ఎవరికివ్వాలో, ఎవరి దగ్గర తీసేసుకోవాలో చూడటమే కుముద పని. ఆ పనంటే ఆమెకు భక్తి లాంటిది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేది, ఫైలు తెరిచే అధికారం ఉన్నంత మాత్రాన చదివే హక్కు రాదని.

ఒక సోమవారం ఏదో ఫైలు తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే కుముద సరిచేసింది. అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడటానికి మొదటి వరుస చాలు. ఆ వరుసలో అక్షత పేరు, కోరమాండల్ చిరునామా ఉన్నాయి. అక్కడే మూసేయాలి. కుముద చివరిదాకా చదివింది. అక్షత గర్భవతి. ఇదివరకు రెండుసార్లు పోయింది. ఈసారి నిలవడానికి గర్భసంచి మూతికి కుట్టు వేశారు.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. మర్నాడు బంగారుపేటలో జనం ఎక్కారు. మొదటి వంతు అక్షతది. ఆమె కదిలేలోపే కుముద లేచి నిలబడింది. తనకు కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని ఏదో చెప్పింది. మాలూరు దాటాక, తన వంతులోనూ నిలబడే ఉంది. వైట్‌ఫీల్డ్‌లో సుప్రీత వంతు వచ్చినా, తప్పిపోయిన తన వంతు తీర్చడానికి అక్షత లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

సుప్రీత నవ్వింది. "ఏమ్మే కుముదా, అక్షతకేమన్నా సీమంతమా? రాణి మాదిరి కూర్చోబెడ్తా ఉండావు."

ఆదిలక్ష్మమ్మ అక్షత ముఖంలోకి చూసింది. అక్షత తొణకలేదు. "ముందు నీ పెండ్లి కానీమ్మే, సీమంతం నీకే చేస్తాం," అంటూ లేచి, కుముద చేతిని పక్కకు తీసి, కడ్డీ పట్టుకుని నిలబడింది. అందరూ నవ్వారు. కుముద ఆ ఖాళీలో కూర్చోక తప్పలేదు.

కంటోన్మెంటులో దిగాక అక్షత ఆమెను స్తంభం చాటుకు పిలిచింది.

"మీ ఆఫీసులో చూసినావు, కదా?"

కుముద తల దించుకుంది. "నేనెవరికీ చెప్పలేదు అక్షతా."

"నోటితో చెప్పలేదు." అక్షత గొంతు పెంచలేదు. "మా అత్తకు కూడా తెలీదు. రెండుసార్లు సంతోషంగా అందరికీ చెప్పినాం. రెండుసార్లూ మళ్ళీ ఒక్కొక్కరికీ, లేదమ్మా, పోయిందమ్మా అని చెప్పుకున్నాను. ఇంగ నాతో కాదు."

కుట్టు సంగతి కుముద నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట తనకు తెలిసి ఉండకూడదని గుర్తొచ్చి మింగేసింది.

"మాలూరు దాకా నిలబడితే ఏమీ కాదన్నారు డాక్టరు," అంది అక్షత, అది విన్నట్టే. "రేపు నా టర్న్‌కు నేను నిలబడతా. నువ్వు లేచినావంటే వాళ్లకు తెలిసిపోతాది. కూర్చో, అంతే."

ఆఫీసులో కుముద తన పైఅధికారి తేజస్‌తో ఉన్నదున్నట్టు చెప్పి, తన తాళంచెవి తీసేసుకోమంది. ఆయన రికార్డు చూశాడు. అనుమతితోనే తెరిచారు, మూశారు, బయటికేమీ పోలేదు, ఇందులో తప్పేముంది మేడం అన్నాడు. కళ్లు ఏ వరుస దాకా వెళ్లాయో అందులో లేదు. ఆమె తల వంచుకునే సీటుకు వచ్చింది. ఆ వారం కొత్తవాళ్లకు పాఠం చెప్పాల్సి ఉంటే, గొంతు బాగాలేదని ఇంకొకరిని పంపింది.

బుధవారం పొద్దున ఎప్పటిలాగే సీటు పట్టింది. కోరమాండల్‌లో అక్షత ఎక్కింది, అందరితో మాట్లాడినట్టే ఆమెతోనూ మాట్లాడింది. బంగారుపేటలో లేచింది. కుముద అలవాటుగా సంచికోసం చేయి చాపింది. అక్షత దాన్ని సుప్రీత ఒడిలో పెట్టింది.

సుప్రీత ఓరగా కుముదనే చూస్తోంది, లేస్తుందేమోనని. టేకల్ దగ్గర బండి సిగ్నల్ కోసం ఆగి ఒక్క కుదుపుతో కదిలింది. అక్షత రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. కుముద కాళ్లు తమంతట తామే బిగుసుకున్నాయి. సీటు అంచు పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, సుప్రీతతో ఈసారి మామిడి ధర ఏముందని అడిగింది. శ్రీనివాసపురం మామిడి గురించి సుప్రీత చెప్పుకుపోతుంటే ఊకొట్టింది. మాలూరు వచ్చేదాకా లేవలేదు.