నాలుగు కిలోల సంచి

పార్సిల్ బావకి ఉన్న పిచ్చి ఒక్కటే. చేతికి ఏది తగిలినా దాని బరువు చెప్పందే ఊరుకోడు. ముప్పై ఏళ్లు పార్సిల్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని తూచీ తూచీ ఆయన అరచెయ్యే తక్కెడైపోయింది. పెళ్లి పత్రిక ఇస్తే ఎవరి పెళ్లో చూడడు, "నలభై రెండు గ్రాములు, కవరుతో కలిపి" అంటాడు. పుట్టిన బిడ్డను చేతుల్లో పెడితే "మూడు కిలోల నూట యాభై" అన్నాకే ముద్దు చేస్తాడు. నర్సు అనుమానంగా వెళ్లి కాగితం చూసుకుంటే సరిగ్గా అంతే ఉంటుంది.

ఈ బావకి ఏకైక బామ్మర్ది భూగోళం మాస్టారు. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద దేశాల సరిహద్దులు గీస్తున్నాడు గానీ ఒక్కటీ దాటిన పాపాన పోలేదు. ఆ ముక్క ఒప్పుకుంటే గొడవే లేకపోయేది. ఏడో తరగతిలో ఒక అమ్మాయి లేచి, మీరెప్పుడైనా సరిహద్దు దాటారా మాస్టారూ అని అడిగేసరికి నోరు ఊరుకోక "దాటాను" అనేశాడు. ఎలా అంటే సైకిల్ మీద అన్నాడు. ఏం వేసుకున్నారంటే కోటు అన్నాడు. చేతిలో ఏముందంటే, బల్ల మీదున్న అట్లాసు కంటపడి అదే చెప్పేశాడు. నలభై ఒక్క మంది నోళ్లు తెరుచుకుని విన్నారు. మళ్లీ వెళ్తే ఆ దేశం నుంచి ఒక రాయి తెచ్చి పెట్టమన్నారు. పిల్లల నమ్మకం చూశాక మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

అబద్ధాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం ఎలాగూ లేదు కనక, దాన్ని నిజం చేసేద్దామని తీర్మానించాడు. జరిగిందంతా అక్కతో చెప్పి, సెలవుల్లో సైకిల్ మీద సరిహద్దుకి బయల్దేరతానని, అసలు సంగతి బావకి చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. అక్క వంటగదిలో గోడకి ఆనుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, "నీ పొట్ట ఒక్కటే వెళ్లొస్తుందా, నువ్వు కూడా వెళ్తావా?" అని అడిగి, తోడుగా బావ వస్తేనే గడప దాటనిస్తానంది.

సర్దుకునే రోజున బావ ముందు గదిలో చాప పరుచుకుని జడ్జిలా కూర్చున్నాడు. మనిషికి నాలుగు కిలోలన్నాడు. గ్రాము మించినా సైకిల్ కదలదన్నాడు. టూత్ బ్రష్‌ని మధ్యకి విరిచి, తోమేది తలతో కదా, కాడతో ఏం పని అన్నాడు. తువ్వాలు సగం కత్తిరించాడు. సబ్బుబిళ్ల పావు వంతే ఇచ్చాడు. చివరికి మాస్టారు భయభయంగా కోటు ముందు పెట్టాడు.

"కిలో నాలుగు వందలు," అన్నాడు బావ. "ఈ ఎండల్లో ఎందుకిది?"

మాస్టారు కోటుని పక్కకి జరిపాడు. ఆ వెనకే అట్లాసు పెట్టాడు.

"రెండు కిలోల మూడు వందలు. రోడ్డు ఒకటే, తిన్నగా పోతుంది. దానికి అట్లాసా?"

కోటు బీరువాలోకి, అట్లాసు బీరువా పైకి వెళ్లిపోయాయి. మూడు ముక్కల అబద్ధంలో ఇక మిగిలింది సైకిల్ ఒక్కటే. మొదటి ఇరవై కిలోమీటర్లూ మాస్టారు లోలోపల బావని తిట్టుకుంటూనే తొక్కాడు.

మూడు రోజుల దారి. అయితే మొదటి రోజే ఒక వింత బయటపడింది. ఎత్తు వస్తే చాలు, బావ వెనకబడిపోతున్నాడు. మాస్టారే ముందు! బడి మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషి తనని తాను చూసుకుని మురిసిపోయాడు. ఇన్నాళ్లూ తన కాళ్లలో ఇంత సత్తువ ఉందని ఎవరూ చెప్పనేలేదే అనుకున్నాడు. ప్రతి గుట్ట మీదా ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చే బావకి ఊపిరి ఎలా పీల్చాలో పాఠం చెప్పాడు.

"మోకాళ్లు అరిగిపోయినట్టున్నాయి బావా."

"అరిగితే మంచిదేగా, బరువు తగ్గుతుంది."

సంచి ఇటిస్తే తాను మోస్తానని కూడా మాస్టారు ఉదారంగా అన్నాడు. బావ దాన్ని చేత్తో ముట్టుకోనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సరిహద్దు కనిపించింది. రోడ్డుకి అడ్డంగా ఒక కర్ర, పక్కన ఒక గది, గదిలో బల్ల, ఫ్యాను, కాటా, ఒక ఆఫీసరు. మాస్టారికి మాత్రం ఉత్సాహం చచ్చిపోయింది. చెమట చొక్కాతో, చేతిలో ఏమీ లేకుండా దొంగలా దాటి వెళ్లి, ఆ అమ్మాయి మొహం ఎలా చూడాలి?

ఆఫీసరు కాగితాలు చూసి సంచుల బరువు అడిగాడు. మాస్టారి సంచిని బావ ఒక్కసారి ఎత్తి చూసి "మూడు కిలోల తొమ్మిది వందల అరవై" అన్నాడు. కాటా మీద పెడితే అంతే ఉంది. ఆఫీసరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"మరి మీది?"

బావ ఫ్యాను వైపు చూశాడు. "నాలుగు కిలోలు."

ముల్లు ఏడు కిలోల ఏడు వందల దగ్గర ఆగింది. ఆఫీసరు కాటాని రెండు దెబ్బలు కొట్టాడు. కాటా పాడైపోయిందనే మాస్టారూ అనుకున్నాడు. బావ లెక్క తప్పడమా!

సంచి విప్పారు. బావ సామాన్ల అడుగున, కాగితాల్లో మడత నలగకుండా చుట్టిన కోటు. దాని కింద అట్లాసు.

మాస్టారు వంగి కోటు తడిమి చూశాడు. "అక్క చెప్పిందా?"

"మీ అక్క కడుపులో ఏ మాటైనా పది నిమిషాలు నిలుస్తుందా?"

"అలాంటప్పుడు ఇంటి దగ్గరే పెట్టుకోనివ్వచ్చుగా!"

"పెట్టుకుంటే నువ్వు మోయలేవు. నేను మోస్తానంటే ఒప్పుకోవు."

"అందుకని బరువు అబద్ధం చెప్పారా? మీరు?"

"నువ్వు నలభై ఒక్క మందికి చెప్పావు. నేను ఒక్కడికే చెప్పాను."

గుట్టల మీద తాను చెప్పిన ఊపిరి పాఠాలన్నీ గుర్తొచ్చి మాస్టారికి ఆ బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. ఈ ఎండలో కోటేమిటని ఆఫీసరు అడిగితే, "ఆయన భూగోళం మాస్టారండీ," అన్నాడు బావ, అంతకంటే కారణం ఏం కావాలన్నట్టు. ఆఫీసరు లేచి వచ్చి కర్ర తానే ఎత్తాడు. కోటు పొట్ట దగ్గర కలవలేదు, పైబొత్తాం ఒక్కటే పట్టింది. అయినా మాస్టారు అట్లాసు చంకలో పెట్టుకుని, సైకిల్ వంకరటింకరగా తొక్కుతూ దాటాడు.

అవతల దిగి, బావ చూడకుండా గోళీకాయంత రాయి ఒకటి ఏరుకున్నాడు.

"నలభై ఒక్క మందికి ఒక్క రాయేనా?" అని వినిపించింది వెనక నుంచి.

"అందరికీ తేవాలనే ఉంది. కానీ బావా, బరువు..."

బావ అప్పటికే రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. గంటసేపు ఒక్కొక్క రాయీ అరచేతిలో తూచి, యాభై గ్రాములది అయితేనే ఉంచాడు. తేడా వస్తే పిల్లలు కొట్టుకుంటారట.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు రెండోసారి దాటారు. పిల్లలు 'మళ్లీ వెళ్తే' అన్న మాట కూడా దాదాపు నిజమైందని మాస్టారు సంతోషించి, కోటూ అట్లాసూ రాళ్లూ కుక్కిన బావ సంచిని పట్టుబట్టి తన సైకిలుకే కట్టుకున్నాడు. మొదటి గుట్టకే నాలుక బయటికొచ్చింది. కాళ్లలో సత్తువ అంతా ఏమైపోయిందో తెలియలేదు. పైన బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎంత ఉంటుందంటావు?" అని కేకేశాడు.

తొమ్మిది కిలోల ముప్పావు ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"నాలుగు కిలోలే బావా," అన్నాడు మాస్టారు రొప్పుతూ.

బరువు తప్పు చెబితే కన్నతల్లినైనా సరిదిద్దే మనిషి, ఆ పూటకి మాత్రం సరేనన్నాడు.