పళ్ళు బిగించని పరుగు

మొన్న డిసెంబరులో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తు వాళ్ళు గులాబీ పువ్వులు వేస్తున్నారు. కొబ్బరిపాలు కలిసిన పిండి నూనెలో వేగే తియ్యటి వాసన మెట్ల మీదుగా ఎక్కివచ్చి, నన్ను డెబ్బైల నాటి బెజవాడలోకి, ఏలూరు కాలవ పక్కన మేమున్న రెండు గదుల పెంకుటింట్లోకి లాక్కుపోయింది.

క్రిస్మస్ నెల వచ్చిందంటే మా ఇంట్లో పొయ్యికి విశ్రాంతి ఉండేది కాదు. నాన్న వెదురుబద్దలు చీల్చి రంగు కాగితాల నక్షత్రం కట్టి చూరుకు వేలాడదీసేవాడు. అమ్మ మిషనాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. డ్యూటీ దిగి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే కొంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చునేది. ఇనుప అచ్చును కాగే నూనెలో వేడిచేసి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి ఒక్కసారి విదిలిస్తే, పువ్వు విడివడి బంగారు రంగులో తేలేది. అవి ఎంత పెళుసంటే, గట్టిగా పట్టుకుంటే చాలు, చేతిలోనే పొడి అయిపోయేవి. వాటిని కడిగి ఆరబెట్టిన కిరసనాయిలు డబ్బాలో దొంతర్లుగా పేర్చి మూతపెట్టేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఆ ఏడు ఇంట్లో నా గొడవ పండగ గురించి కాదు, పరుగు పందెం గురించి. సంక్రాంతి సెలవుల తర్వాత మా ఆడపిల్లల హైస్కూల్లో ఆటల పోటీలు. మైదానం చుట్టూ ఒక్క చుట్టు పందెంలో మొదటి ఇద్దరినీ బందరులో జిల్లా పోటీలకు తీసుకువెళ్తారు. బందరు వెళ్తే సముద్రం చూపిస్తారు. అంతకుముందు రెండేళ్ళూ సగం దూరం దాకా అందరికంటే ముందు నేనే ఉన్నాను. చివరి మలుపు తిరిగేసరికి కాళ్ళు కొయ్యలయి, మెడ బిగుసుకుపోయి, నాలుగో దాన్నయ్యాను. డ్రిల్లు టీచరుగారు సున్నం గీత పక్కన నిలబడి "పళ్ళు బిగించు సువార్తా! పిడికిలి బిగించు!" అని అరిచేవారు. ఆవిడ చెప్పినట్టే బిగించేదాన్ని. ఎంత బిగిస్తే అంత వెనకబడేదాన్ని.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీద పరిగెత్తుతుంటే, రాత్రి డ్యూటీ నుంచి వస్తున్న అమ్మ ఆగి చూసింది.

"ఏంటే ఆ మొహం? ఎవరినైనా కొట్టడానికి పోతున్నావా?"

"గట్టిగా పరిగెత్తాలిగా అమ్మా."

అమ్మ నా దవడలు రెండూ వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపింది. "నొప్పులు పడే వాళ్ళకి రోజూ మొత్తుకునేది ఇదేనే. పళ్ళు బిగించకమ్మా, పిడికిళ్ళు వదులు, ఊపిరి వదులు అని. ఉన్న బలమంతా బిగుసుకోడానికే అయిపోతే అసలు పనికి ఏం మిగులుద్ది? మొదట్లోనే ఊపిరంతా ఊడ్చేసుకుంటే ఆఖర్న ఏం చేస్తావు?"

ఇంటికి వెళ్ళి డబ్బాలోంచి రెండు గులాబీ పువ్వులు తెచ్చి, చేతికొకటి పట్టించింది. "తూము దాకా పోయి రా. విరక్కుండా తెస్తే నీవి. విరిగితే బాతులవి."

మొదటి రోజు పది అడుగులకే రెండూ పొడి. కాలవలో బాతులు ఎగబడి తిన్నాయి. నాకు ఏడుపొచ్చింది. మూడో రోజుకల్లా నన్ను చూస్తే చాలు, బాతులు గట్టు కిందికి ఈదుకొచ్చి కేకలు పెట్టేవి. వాటి మీద కోపంతోనైనా వేళ్ళు వదులు చేయడం నేర్చుకున్నాను. వేళ్ళు వదులైతే భుజాలు దిగేవి, భుజాలు దిగితే మెడ వదులయ్యేది. సగం దాకా కొంచెం అట్టేపెట్టుకుని పరిగెత్తితే తూము దగ్గర ఇంకా కొంత దమ్ము ఉండేది. డబ్బా అడుగుకొచ్చేసరికి రెండు పువ్వులూ విరక్కుండా తేవడం వచ్చింది. వాటిని బాతులకు చూపించి మరీ తిన్నాను.

పోటీల రోజు అమ్మ రాత్రి డ్యూటీ దిగి తిన్నగా స్కూలుకే వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఈల మోగింది. మైలవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రాజ్యలక్ష్మి లేడిపిల్లలా దూకింది. దాని వెనక మరో ముగ్గురు. నేను ఐదోదాన్ని. దూసుకుపోవాలని ప్రాణం కొట్టుకుంటున్నా, ఖాళీ చేతుల్లో పువ్వులున్నట్టే వేళ్ళు వదులుగా పెట్టుకున్నాను. నోరు తెరుచుకుని బుగ్గలు తపతప ఊగుతుంటే గీత పక్కన పిల్లలు పగలబడి నవ్వారు.

"నోరు మూసుకుని పరిగెత్తవే!" అని టీచరుగారు కేకేశారు.

చివరి మలుపులో ముందున్న వాళ్ళ భుజాలు చెవుల దాకా లేచాయి. వాళ్ళ పక్కనుంచి ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ పోయాను. రాజ్యలక్ష్మి మాత్రం అందలేదు. నేను రెండోదాన్ని! అది గడ్డిలో కూలబడి రొప్పుతూ, "నీ నోరు చూసుంటే నవ్వొచ్చి నేనూ ఓడిపోయేదాన్నే" అంది.

బందరుకు ఆడపిల్లలకు తోడుగా నర్సమ్మ ఉంటే మంచిదని టీచరుగారు అమ్మనూ రమ్మన్నారు. అప్పుడు తెలిసింది, అమ్మ కూడా సముద్రం చూడలేదని. అక్కడ పందెంలో ఐదోదాన్నయ్యాను. పెద్దగా బాధపడలేదు. సాయంత్రం అందరం బస్సెక్కి తీరానికి వెళ్ళాం.

అమ్మ నీళ్ళ అంచు దాకా నడిచింది. తర్వాత చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, "రావే, ఆ పడవ దాకా పందెం!" అంటూ నేను తేరుకునేలోపే పరుగు లంకించుకుంది. పళ్ళు బిగించింది. పిడికిళ్ళు బిగించింది. భుజాలు చెవులను తాకుతున్నాయి.

"అమ్మా, పళ్ళు! పళ్ళు వదులు!" అని వెనక నుంచి అరుస్తూ, నవ్వు ఆపుకోలేక తడి ఇసకలో తూలిపోయాను. అమ్మ వినిపించుకోలేదు. పడవను రెండు చేతులతో చరిచి, వెనక్కి తిరిగి, చిన్నపిల్లలా చేతులెత్తి గంతులేసింది.

ఇప్పుడు మా స్కూలు మైదానంలో సగం మేడలు లేచాయి. కాలవలో బాతులు ఈదేటంత మంచి నీళ్ళు లేవు. ఆ తీరానికి పోయినేడు వెళ్తే, పడవలు లాగిపెట్టే చోట కార్లు ఆగి ఉన్నాయి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. జన్మలో అమ్మా నేనూ కలిసి పరిగెత్తింది ఆ ఒక్కసారే. అందులో గెలిచింది తనే.