సీమోను అత్తగారి దాకా వెళ్లని పాఠం

ఏలూరులో మా ఇంటి దగ్గరి ప్రార్థన మందిరంలో కరెంటు పోతే ఇప్పటికీ కొవ్వొత్తులే వెలిగిస్తారు. దీపాలు తిరిగి రాగానే వెనక వరసలోని ఆడపిల్లలు వాటిని ఒక్కసారిగా ఊది ఆర్పేస్తారు. కాలిన నూలు వాసన సన్నగా పైకి లేచి, మల్లెపూల వాసనలోనూ ఇస్త్రీ బట్టల వాసనలోనూ కలిసిపోతుంది. పక్కనున్నవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఆ తర్వాత ప్రసంగం ఎంత బాగున్నా ఒక్క మాటా చెవికెక్కదు. నూలు కాలిన వాసన వస్తే నాకు గుర్తుకొచ్చేది వల.

పందొమ్మిది వందల యాభైలలో మా నాన్నగారు కొల్లేటి అంచున ఒక చిన్న ఊళ్లో ఉపదేశిగా ఉండేవారు. తాటాకు కప్పు, మట్టిగోడలు, సున్నం కొట్టిన సిలువ: అదే గుడి, పగలు అదే బడి. వానాకాలంలో కొత్తనీరు ఎర్రగా పొంగి మా అరుగు దాకా వచ్చేది. చలికాలంలో గూడబాతులు గుంపులుగా దిగి నీళ్లను తెల్లగా కప్పేసేవి. మాఘం దాటేసరికి సరస్సు వెనక్కి జరిగి, కిక్కిస గడ్డి దుబ్బులు, ఎండిన నాచు, బురదలో చిక్కిన చిన్న చేపల నీచువాసన మిగిలేవి. క్రిస్మసుకు మా అమ్మ అరిసెలు, పోకుండలు వండి, మొదటి వాయి సంఘపెద్ద దావీదు మేస్త్రీ గారింటికి పంపేది. మేము పిల్లలం ఏడుపెంకులాట ఆడుతున్నా, నాన్నగారి గంట మోగగానే పెంకులు ఎక్కడివక్కడ వదిలి వరసలో నిలబడవలసిందే. వాక్యం తప్పు చెప్పినవాడి అరచేతి మీద చింతబరికె పడేది; ఏడిస్తే రెండోసారి పడేది. ఆ క్రమాన్ని నేను తప్పుపట్టను. ఈనాడు నాకున్న చదువంతా ఆ వరసలో నిలబడి సంపాదించినదే.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాల్లో ప్రతి సాయంకాలం పాఠం ఒక్కటే: యేసుప్రభువు పరిచర్య తొలిరోజులు. నది దగ్గర బాప్తిస్మం, అరణ్యంలో ఉపవాసం, శోధన, ఆ తర్వాత గలిలయ సముద్రతీరం. సీమోను, అతని తమ్ముడు వలలు విడిచి ఆయన వెంట నడిచిన చోటికి రాగానే నాన్నగారు పుస్తకం మూసేవారు. "విడిచారు. అడగలేదు, ఆలోచించలేదు, విడిచారు," అనేవారు. ఆ మాటతో పెట్రోమాక్సు దించేవాళ్లం.

ఆ పాఠానికి బయట చూరు కింద కూర్చుని చెవి ఒగ్గినవాడు నాగన్న. అవతలి దిబ్బ మీద చేపలు పట్టుకుని బతికే వాళ్లల్లో వాడొకడు. గుళ్లోకి వచ్చే కూలివాళ్ల కులమూ కాదు, రైతుల కులమూ కాదు. దోనె గట్టుకు కట్టేసి, తడి గోచీ మీద తువ్వాలు చుట్టుకుని, పాటలు అయ్యేదాకా కదలకుండా కూర్చునేవాడు. ఒకనాడు నాన్నగారి ఎదుటికి వచ్చి చేతులు కట్టుకుని అడిగాడు.

"పంతులుగారూ, దేవుడు మొట్టమొదట పిలిచింది మాలాగ చేపలు పట్టుకునేవోళ్లనా అండీ?"

"అవును."

"రాజుల్నీ, కరణాల్నీ కాదాండీ?"

"కాదని చెప్పాను గదా."

నాగన్న మొహం వెలిగిపోయింది. నన్ను కూడా కలుపుకోండి, బాప్తిస్మం ఇప్పించండి అన్నాడు. ఈస్టరుకు ఏలూరు నుంచి పాదిరి అయ్యగారు వస్తారు, అప్పుడు ఇస్తారు, ఈలోగా సిద్ధపడమన్నారు నాన్నగారు. మా సంఘంలో కొత్తగా చేరేవాళ్లు ఇంట్లోని పూజాసామగ్రిని అందరి ఎదుటా తీసి పారేయడం ఆచారం. కొందరు పటాలు తెచ్చేవారు, కొందరు తాయెత్తులు తెంచేవారు. నాగన్న ఇంట్లో పటం లేదు. ఉన్నది వల ఒక్కటే. కొత్తనీరు వచ్చినప్పుడు దిబ్బవాళ్లందరిలాగే వాడూ ఆ వల పైతాడుకు పసుపు రాసి, బొట్టు పెట్టి నీళ్లలోకి దించేవాడు. శ్రమదినాల రెండో ఆదివారం వల తెమ్మన్నారు.

ఆ వల వాడి అత్తగారు రాములమ్మ అల్లినది. కూతురు సుబ్బులు పెళ్లినాటి నుంచి రెండు వానాకాలాలు కూర్చుని, నూలు పేని, ముడి ముడికీ వేలు కోసుకుని అల్లి, తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టి అల్లుడి చేతిలో పెట్టింది. దిబ్బ మీద కట్టుబాటు ఒకటుండేది: అందరూ కలిసి పట్టిన చేపల్లో వాటా వలను బట్టి వస్తుంది, మనిషిని బట్టి రాదు. వల లేనివాడు గట్టున నిలబడి చూడాలి. ఇది నాన్నగారికి తెలియనిది కాదు.

"ఆ తాడుకి పసుపేమిటి నాగన్నా?"

"పూజ చేసిందండీ. కడిగేత్తానండీ."

"కడిగితే పసుపు పోతుంది. నమ్మకం పోతుందా? సీమోను ఏం చేశాడు?"

"ఒదిలేశాడండీ."

దావీదు మేస్త్రీ గారు నవ్వి అన్నారు: "ఈయన పొద్దున్న ఒదుల్తాడండీ, సాయంత్రం ఏరుకుంటాడు. కాల్పించెయ్యండి, పీడా పోద్ది."

జనం నవ్వారు. నాగన్న కూడా, ఆ నవ్వులో చేరితే తానూ వాళ్లలో ఒకడవుతానన్నట్టు, నవ్వాడు. సుబ్బులు మాత్రం నేల మీద కూలబడి, "మా అమ్మ అల్లిందండీ, పంతులుగారూ," అంటూ వల కొస పట్టుకుంది. దావీదు మేస్త్రీ గారు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశారు. కిరసనాయిలు పోసి అంటించారు. ఎండిన నూలు, తుమ్మచెక్క, చేపనూనె కలిసి బుస్సుమని మండి, పొగ నల్లగా తాటాకు చూరులోకి ఎక్కింది. మమ్మల్ని పాట అందుకోమన్నారు, అందుకున్నాం. దోనె దిగి అప్పుడే వచ్చిన రాములమ్మ ఆ మంటకేసి కాసేపు చూసి, "మీ దేవుడికి చలేత్తందా అయ్యా?" అంది. మేస్త్రీ గారు ఆమెను ఆవరణ బయటికి నడిపించారు.

ఆ మర్నాటి నుంచి దిబ్బవాళ్లు నాగన్నకు వాటా ఆపేశారు. మినుప చేలు పీకే రోజులవి. మా సంఘం కూలివాళ్ల ముఠాలో చేరబోతే, నడుము వంచడం రాని చేపలోడు మాకెందుకని వెనక్కి పంపారు. ఇంట్లో పొయ్యి ఒకపూట వెలిగి, తర్వాత అదీ మానేసింది. రాములమ్మకు జ్వరం తగిలింది. మా అమ్మ ఒక సాయంకాలం గంజి వార్చి చెంబులో పోసి కొంగు కప్పింది.

"ఎక్కడికి?" అన్నారు నాన్నగారు.

"దిబ్బ మీదికండీ. ముసలావిడ మూడంకె వేసిందట."

"బాప్తిస్మానికి ముందు అన్నం పెడితే, అన్నం కోసం కలిశాడంటారు ఊళ్లో. ఆ మాట నాగన్నకూ మంచిది కాదు, సంఘానికీ మంచిది కాదు. లోపల పెట్టు."

అమ్మ చదువుకున్నది. ఏలూరులో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు పూర్తిచేసినది. ఆమె చెంబు దించకుండానే నెమ్మదిగా అంది: "ఏవండీ, మీరు రోజూ వలల దగ్గరే పాఠం ఆపేస్తారు. ఇంకాస్త ముందుకు చదివితే ఆయన సీమోను ఇంటికే వెళ్లారు గదండీ. వాళ్ల అత్తగారికి జ్వరమని తెలిసి, చెయ్యిపట్టి లేవదీశారు."

"పాఠం ఎక్కడ ఆపాలో నాకు తెలుసు."

అమ్మ గంజిని కుండలోకి తిరిగి పోసేసింది. ఆ ధార చప్పుడు మేమంతా విన్నాం.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం దగ్గర పడుతుండగా, ఎవరిదో మావు, అంటే చేపలు చిక్కే వెదురు బుట్ట, అడిగి తెచ్చుకుని నాగన్న కిక్కిస దుబ్బుల చాటున నీళ్లలోకి దిగాడు. దావీదు మేస్త్రీ గారు చూశారు. ఆదివారం నాడు నాన్నగారు అందరి ఎదుటా నాగన్నను లేపి నిలబెట్టి, విడిచినదాన్ని మళ్లీ పట్టుకున్నవాడికి బాప్తిస్మం లేదన్నారు. "రెండు బొమ్మిడాయిలండీ, మా అత్తకి పులుసు కోసమండీ," అన్నాడు నాగన్న. అప్పుడు కూడా కొందరు నవ్వారు.

రాములమ్మ ఆ వారంలోనే పోయింది. కిరస్తానంలో కలిసినోడి ఇంటి శవం మేం మొయ్యం అన్నారు దిబ్బవాళ్లు. బాప్తిస్మం లేనివాళ్లకు మన సమాధుల దొడ్లో చోటు లేదన్నారు మా పెద్దలు. రెండు మాటలూ ఒకే పూట వచ్చాయి. నాగన్న, సుబ్బులు ఆమెను చాపలో చుట్టి, దోనెలో పడుకోబెట్టుకుని, నీళ్లు తీసిన ఒక మెరక మీదికి తీసుకుపోయి, అరచేతులతో, విరిగిన తెడ్డుతో గొయ్యి తవ్వారు. బడి పిల్లలం గట్టు మీద నుంచి చూస్తుండగా నాన్నగారు గంట కొట్టారు. వరసలో నిలబడ్డాం. ఆనాటి వాక్యం కూడా గలిలయ తీరానిదే. అందరం తప్పులేకుండా చెప్పాం, ఎవరికీ దెబ్బ పడలేదు.

ఈస్టరు తెల్లవారుజామున ఏలూరు అయ్యగారు పడవ దిగి, కాఫీ, ఇడ్డెన్లు పుచ్చుకుని, "ఆ జాలరి ఆయన ఏడండీ?" అని అడిగారు. "నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూశాడండీ," అన్నారు నాన్నగారు. అయ్యగారు తల ఊపి చట్నీ వేయించుకున్నారు. నాగన్న దంపతులు అప్పటికే తాడేపల్లిగూడెం వైపు రైసుమిల్లు కూలికి వెళ్లిపోయారు. మళ్లీ ఎవరికీ కనపడలేదు. నాన్నగారు అందరి గౌరవంతో బతికి, అందరి గౌరవంతో పోయారు. ఆ విషయంలో తాను పొరబడ్డానని ఆయన ఏనాడూ అనుకోలేదు. అమ్మ మాత్రం ఆ పాఠం మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ప్రభువు పరిచర్య తొలిరోజుల నుంచి క్రైస్తవ జీవితానికి ఏం నేర్చుకోవాలని కుర్రకారు అడిగితే నేను చెప్పేది ఇదే. విడవమన్నవాడే వాళ్ల ఇంటికి నడిచి వెళ్లాడు. సీమోను వల విడిచాడు, ఎవరూ దాన్ని తగలబెట్టలేదు. సీమోను దోనె అక్కడే ఉంది, తర్వాత ప్రభువే అందులో కూర్చుని జనానికి బోధించాడు. ఎదుటివాడి చేతిలోది విడిపించే ముందు వాడింట్లో ఎవరు మంచం పట్టారో చూసి రావాలి. ఆ నడక లేని బోధ ఎంత క్రమంగా ఉన్నా అది ఆయనది కాదు. ఈ మాట చెప్పినప్పుడు నేను గొంతు తగ్గించను.

మొన్న ఎండాకాలంలో ఆ ఊరు వెళ్లాను. తాటాకు గుడి స్థానంలో రెండంతస్తుల స్లాబు లేచింది. గూడబాతులు లేవు, కిక్కిస లేదు, దోనెలు లేవు. రాములమ్మను పెట్టిన మెరకను పొక్లెయిన్లు ఎత్తి చెరువు గట్టు పోశాయి, అది ఏ గట్టో చెప్పగలిగేవాళ్లు లేరు. కళ్లందినంత దూరం చేపల చెరువులే. ఒక చెరువులో కూలివాళ్లు నైలాను వల లాగుతున్నారు. ఎవరిదయ్యా ఈ వల అంటే, కాంట్రాక్టరుదండీ అన్నారు. యేసుప్రభువు ఈనాడు ఆ గట్టు మీద నడుస్తూ వచ్చి మీ వలలు విడిచి నా వెంట రండి అంటే, విడవడానికి సొంత వల ఉన్న మనిషి అక్కడ ఒక్కడూ లేడు.