గుడ్లకొచ్చిన పెట్టలు

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో జయశీల ఇరవై రెండేళ్ళు కోడిగుడ్లు ఉడకబెట్టింది. రోజుకు నాలుగు వందలు. వేళ్ళు నానిపోయేదాకా పెంకులు ఒలిచేది. ఎండాకాలం వస్తే ట్రేకి రెండు మూడైనా మురిగినవి తగిలేవి. ఒకసారి అలాంటిదొకటి చేతిలోనే పేలి ముఖమంతా చిమ్మింది. సబ్బు అరిగేదాకా కడుక్కున్నా ఆ వాసన వదల్లేదు. అప్పటినుంచి ఆమె గుడ్డు నోట పెట్టలేదు. ఇంట్లో తినాలనిపిస్తే భర్త దావీదే వండుకునేవాడు.

నిరుడు పని మానేసి పటేల్‌గూడలో ఇంటిపట్టున ఉంటే ఆమెకు పొద్దు గడవలేదు. దావీదు హత్నూర అంగడి నుంచి ఐదు కోడిపిల్లలను తెచ్చిచ్చాడు. జయశీల వాటిని చంటిపిల్లల్లా సాకింది. వానకు తడిస్తే పాతచీరతో తుడిచింది, పిల్లికి భయపడి వంటింట్లో పడుకోబెట్టింది. అందులో నల్లది ఆమె వెంటే తిరిగేది. ఐదూ పెట్టలేనని తెలిశాక, పుంజుల కొట్లాట తప్పిందని సంబరపడింది కూడా.

ఐదు నెలలు దాటాక వాటి తురాయిలు ఎర్రబడ్డాయి. వీపు మీద చెయ్యి వేస్తే చాలు, కాళ్ళు ముడుచుకుని కూలబడేవి. ఏదో జబ్బని జయశీల పరేషానైంది. పక్కింటి నాగరత్నం చూసి నవ్వింది. ఆవిడ భర్త ఉద్యోగం వల్ల భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

"జబ్బేంటండి జయశీల గారూ, గుడ్లకొచ్చాయి. రేపో మాపో పెడతాయి చూడండి."

ఇన్ని నెలల్లో ఆ సంగతి జయశీలకు తట్టనే లేదు. దావీదు వాచ్‌మన్ డ్యూటీ నుంచి రాగానే అందుకుంది.

"గివి గుడ్లు పెడ్తయని నాకెందుకు చెప్పలే?"

"కోళ్ళు గుడ్లు పెట్టక ఇంకేం పెడ్తయే? అది గూడ చెప్పాల్నా?"

మూడో రోజు పొద్దున పెరట్లోని కోళ్ళగూట్లో వరిగడ్డి మీద మొదటి గుడ్డు కనబడింది. నిమ్మకాయంత ఉంది. పైన సన్నని నెత్తుటి గీత, దానికంటుకుని ఓ ఈక. వేలు తగిలితే వెచ్చగా, తడిగా. చెయ్యి లాక్కుని అక్కడే కక్కింది. మర్నాటిది ఇంకా ఘోరం. పెంకే లేని తోలుగుడ్డు. చీపురుతో నెట్టబోతే వణికి, చిట్లి, గడ్డిలోకి కారింది.

ఇక ఆమె గూటివైపు పోలేదు. దావీదు సాయంత్రం వచ్చేదాకా గుడ్లు అక్కడే పడి ఉండేవి. వారం తిరిగాక ఒక మధ్యాహ్నం కోళ్ళ గోల విని తొంగిచూసింది. నల్లపెట్ట గుడ్డును పొడుచుకు తింటోంది. ముక్కు నుంచి సొన తీగలా సాగుతోంది. మిగతావి పక్కనుంచి గుంజుకుంటున్నాయి. ఆమెను చూడగానే నల్లపెట్ట పరుగెత్తుకొచ్చి, ఆ ముక్కును ఆమె చీర కుచ్చిళ్ళకే తుడిచింది.

"థూ! దూరం పో! నీ గుడ్డు నువ్వే తింటవా? సిగ్గు లేదా?" అంటూ మొదటిసారి దాన్ని కాలితో తోసేసింది.

"రుచి మరిగింది. ఇగ ఆగది. ఐతారం కోసేద్దాం," అన్నాడు దావీదు.

"కోసుడు గీసుడు లేదు," అంది జయశీల. అంది గానీ, దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది.

ఉపాయం నాగరత్నమే చెప్పింది. "పెంకు పలచనై చితికిపోతున్నాయండి, అందుకే తింటున్నాయి. పాత పెంకులు వేయించి, పొడి చేసి దాణాలో కలపండి. పెట్టిన గుడ్డు పెట్టినట్టే తీసెయ్యాలి."

పగలు ఇంట్లో ఉండేది తనొక్కతే. జయశీల ముక్కుకు కొంగు కట్టుకుని పెంకులు పెనం మీద వేసింది. క్యాంటీను వాసన ఇల్లంతా అలుముకుంది. రెండుసార్లు బయటికి పరుగెత్తి ఊపిరి పీల్చుకుంది. పెట్ట అరిచినప్పుడల్లా చేతికి పాలకవరు తొడుక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని గుడ్డు తీసింది. తీసిందాన్ని ప్రహరీ మీద నాగరత్నం గిన్నెలో పెట్టేసేది.

మూడు వారాలకు పెంకులు గట్టిపడ్డాయి. నల్లపెట్ట ఒక గుడ్డును రెండుసార్లు కొట్టిచూసి, పగలకపోయేసరికి వదిలేసింది.

"మరి మీ అసహ్యం పోయినట్టేనా?" అని నాగరత్నం అడిగింది.

"ఏడ పోయిందక్కా? ఇప్పటికీ తియ్యంగనే డోకొస్తది."

ఆ ఆదివారం నాగరత్నం గుడ్ల పులుసు పంపింది. దావీదు దాన్ని పెరట్లో కూర్చుని తిన్నాడు, గిన్నె కూడా తనే తోమాడు. జయశీల తలుపు వేసుకుని లోపలే ఉంది.